రెండు మూతల మందు, పన్నెండు రోజుల బెట్ట

ప్రశ్న: అన్నా, మాది నార్పల దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, ఎనిమిదేండ్ల చెట్లు. ఈసారి పూత బాగా వచ్చింది, పిందె కూడా బాగానే నిలిచింది. ఉగాది దాటినాక గోలీకాయంత పిందెలు రాలడం మొదలైంది. మందుల అంగట్లో అడిగితే 'హార్మోన్ తక్కువైంది, ఇది కొట్టు' అని చిన్న సీసా ఇచ్చినారు. ఎన్.ఏ.ఏ. 4.5 శాతం అని ఉంది. పదహారు లీటర్ల ట్యాంకుకు మూడున్నర ఎం.ఎల్. అన్నారు. అట్లే కొట్టినా. నాలుగు రోజులు చూసినా, ఏం తేడా లేదు. టెన్షన్ పడి రెండోసారి ట్యాంకుకు రెండు మూతలు పోసినా. వారానికల్లా చెట్ల కింద ఇంకా ఎక్కువ పిందెలు పడినాయి, లేత ఆకులు ముడుచుకున్నాయి. మా నాయన తిట్టని తిట్టు లేదు. అసలు చెట్టుకు హార్మోన్లు అంటే ఏందన్నా? మనకు ఉండేటివేనా? మా అమ్మయితే ఆ కాయలు ఇంట్లో ఆడపిల్లలకు పెట్టొద్దంటోంది. అన్నట్టు, పిందె రాలకముందు మోటరు కాలిపోయి పన్నెండు రోజులు నీళ్లు లేవు. బాగైన రోజే పాదుల నిండా పారించినా, ఇప్పుడు నీళ్లకు కొదవ లేదు. ఇంకోసారి మందు కొట్టమంటావా?

జవాబు: తమ్ముడూ, చివరి ప్రశ్నకు ముందు చెప్తా. వద్దు. ఆ సీసాకు మూత బిగించి పిల్లలకు అందనిచోట పెట్టు. ఈ కాపుకు దానితో మళ్లీ పని లేదు.

ఇక మీ నాయన సంగతి. రెండోసారి కొట్టిన మందు విషయంలో ఆయన తిట్టడంలో న్యాయముంది. కానీ పిందె రాలడం నీ మందుతో మొదలు కాలేదు. నీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంగతిని నువ్వు 'అన్నట్టు' అని చివర్లో పడేశావు. మోటరు కాలడం, పన్నెండు రోజులు తోట ఎండడం, ఆ తర్వాత ఒక్క రోజులో పాదులు నిండేట్టు పారించడం. గొడవంతా అక్కడ మొదలైంది. అంగట్లో వాళ్లు ఆ ప్రశ్న అడగలేదు, నువ్వూ చెప్పలేదు.

హార్మోన్ అంటే ఎరువు కాదు, బలం మందు అంతకన్నా కాదు. అది కబురు. చెట్టుకు నోరు లేదు, నరాలు లేవు. వేరుకు తెలిసిన సంగతి ఆకుకు చేరాలన్నా, కాయ సంగతి కొమ్మకు తెలియాలన్నా ఏదో ఒక పదార్థం తయారై అక్కడి నుంచి ఇక్కడికి రావాల్సిందే. యూరియాను బస్తాల్లో వేస్తాం. ఈ కబురు పదార్థాలను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తాం. ఎరువు అన్నమైతే, హార్మోన్ 'అన్నానికి రండి' అనే పిలుపు. వంటింట్లో గిన్నెలు ఖాళీగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు పిలిచినా ఎవరి కడుపూ నిండదు.

మనకు ఉండేటివేనా అంటే, పేరు ఒకటే, సరుకు వేరు. మన ఒంట్లో థైరాయిడ్ లాంటి గ్రంథులున్నాయి, రక్తం ఉంది. చెట్టుకు హార్మోన్ల కోసం అట్లాంటి గ్రంథులు లేవు. కొన, వేరు, ఆకు, గింజ, ఎక్కడ అవసరమైతే అక్కడే తయారవుతాయి. ఇంకో తేడా, చెట్టు హార్మోన్ ఒక్కటే పది పనులు చేస్తుంది. కొమ్మను సాగదీసేదీ, వేరు పుట్టించేదీ, కాయను కాడకు పట్టి ఉంచేదీ ఆక్సిన్ అనే ఒక్క హార్మోనే. నువ్వు కొట్టిన ఎన్.ఏ.ఏ. మనుషులు తయారుచేసిన ఆక్సిన్.

ఆక్సిన్ పని నీ కళ్లతోనే చూడొచ్చు. ఖరీఫ్‌లో వేరుశనగ పూత దాటినాక చేలోకి పోయి ఒక చెట్టును పక్కకు వంచి చూడు. ఆకుల సందున పసుపు పూలు వాడిపోయిన చోట నుంచి ముల్లులాంటి ఊడ ఒకటి బయలుదేరి ఉంటుంది. పువ్వు ఉన్నది పైన, కాయ ఊరాల్సింది భూమిలో. మధ్యలో ఈ ఊడ తలకిందులుగా దారి వెతుక్కుంటూ పోవాలి. దానికి కింద ఏదో, పైన ఏదో తెలిపేది కొనలో ఆక్సిన్ సర్దుకునే తీరే. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ చేరితే రెండు పక్కలూ సమానంగా పెరగవు, ఊడ వంగుతుంది. అట్లా వంగి మట్టిలోకి దిగి, చీకటి తగిలినాకే కొన ఉబ్బి కాయ కడుతుంది. మట్టి అందని ఊడ గాలిలోనే ఎండిపోతుంది. మట్టి ఎగదోయడంలో మన పెద్దలకు ఉన్న శ్రద్ధ ఈ హార్మోన్ పేరు తెలియకుండానే వచ్చింది.

పేరు తెలియడానికి నిజంగానే చాలా ఏండ్లు పట్టింది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి గడ్డి మొలకల కొనలకు చిన్న తొడుగులు తొడిగి, కొనకు వెలుతురు తగలకపోతే మొలక వెలుతురు వైపు వంగదని గమనించి 1880లో పుస్తకంలో రాశారు. వెలుతురు తగిలేది కొనకు, వంగేది దానికింద. అంటే పైనుంచి కిందికి ఏదో దిగుతోంది. ఆ 'ఏదో' ఒక పదార్థమని ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ కుర్రవాడు జిగురు ముక్కలోకి పట్టి చూపించేసరికి 1920ల చివరికొచ్చింది.

ఇప్పుడు నీ చీనీ దగ్గరికి వద్దాం. కింద పడ్డ పిందెను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని కాడ చివర చూడు. చించినట్టు, విరిచినట్టు ఉండదు. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. పిందెను గాలి విరవలేదు, చెట్టే కోసింది. కాడ మొదట్లో సన్నని కణాల పొర ఒకటి ముందునుంచే సిద్ధంగా ఉంటుంది. పిందె పెరుగుతున్నంత కాలం దాంట్లోంచి ఆక్సిన్ కాడ గుండా చెట్టువైపు పారుతూ ఉంటుంది. 'నేను బతికే ఉన్నా, నన్ను వదలొద్దు' అని ఆ కబురుకు అర్థం అనుకో. అది వస్తున్నన్నాళ్లు ఆ పొర కదలదు. అది తగ్గి, దానికితోడు ఇథిలీన్ అనే ఇంకో హార్మోన్ వచ్చి తగిలితే, పొరలోని కణాలను అతికించిన జిగురును కరిగించే ఎంజైములు పుట్టుకొస్తాయి. జిగురు కరిగితే కాయ తన బరువుకే రాలుతుంది.

ఇథిలీన్ గాలిలా కనిపించని ఒక వాయువు. మన దగ్గర మాగబెట్టిన మామిడికాయలు ఒక్కటి పండితే గదంతా పండడానికి కారణం అదే. కడపలో మా ఇంట్లో ఓ ఎండాకాలం బేనీషా కాయలు గడ్డిలో పేర్చి గది తలుపులు మూసినారు. అదే గదిలో కిటికీ కింద నేను టమాటా నారు పెంచుకుంటున్నా, నీళ్లు సరిగానే పోస్తున్నా. మూడోరోజు చూస్తే ఆకులన్నీ వాడిపోకుండానే, పచ్చగా ఉండి కూడా, కాడలు కిందికి వంచుకుని గొడుగు మూసినట్టు వేలాడుతున్నాయి. నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పోశా. ఉపయోగం లేదు. ట్రే తెచ్చి వరండాలో పెడితే తర్వాత వచ్చిన ఆకులు నిటారుగా నిలబడ్డాయి. కాయలు పండుతూ వదిలిన ఇథిలీన్ నారును అట్లా వంచింది. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే ఆయన వీధి దీపాలకు వాడే గ్యాసు తగిలి బఠానీ మొలకలు వంకరగా పెరగడం చూసి, దాంట్లో ఉన్న ఇథిలీనే కారణమని తేల్చాడు. మొక్కే స్వయంగా ఆ గాలిని తయారుచేస్తుందని రుజువైంది 1934లో.

నీ తోటలో ఏం జరిగి ఉంటుందో చెప్తా. మోటరు కాలింది. అనంతపురం ఎండ, ఏడాది మొత్తం కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉండే వాన, పైగా ఉగాది రోజులు. నాలుగైదు రోజులకే వేర్ల చుట్టూ తేమ అయిపోయి ఉంటుంది. వేర్లు ఎండుతున్నప్పుడు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. అది ఆకుకు చేరి 'రంధ్రాలు మూసుకో' అంటుంది. ఆకు అడుగున ఉన్న లక్షల రంధ్రాలు మూతపడతాయి. నీరు పోవడం ఆగుతుంది, చెట్టు బతుకుతుంది. కానీ అదే రంధ్రాల నుంచి లోపలికి రావాల్సిన బొగ్గుపులుసు వాయువు కూడా ఆగిపోతుంది కదా. ఆకు వంట చేయదు. కొమ్మల నిండా పిందెలు, వంటింట్లో పొయ్యి లేదు. మామూలు కాలంలోనే చీనీ చెట్టు పూసిన పూతలో నూటికి ఐదు కూడా కోతదాకా ఉంచుకోదు. ఇక కరువులో ఎందుకు ఉంచుకుంటుంది?

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అసలు దెబ్బ నీళ్లు వచ్చిన రోజు పడింది. నారింజ జాతి మొక్కల మీద పరిశోధకులు చూసింది ఇదీ: బెట్టలో ఉన్న వేర్లలో ఇథిలీన్‌కు ముడిసరుకు లాంటి పదార్థం ఒకటి పోగుపడుతుంది. దాన్ని ఏ.సి.సి. అంటారు. నీటి ప్రవాహం లేదు కాబట్టి అది పైకి పోలేక వేర్లలోనే కూర్చుంటుంది. చెట్టు వాడుతుందే గాని ఆకు రాలదు. ఒక్కసారి నీళ్లు తగలగానే ఆ నిల్వ అంతా రసంతోపాటు పైకెక్కి, అక్కడ ఇథిలీన్‌గా మారుతుంది. అప్పుడు రాలుతుంది. ఎండినప్పుడు రాలని ఆకు తడిపినాక రాలడం మీ నాయన కూడా చూసే ఉంటాడు. 'నీళ్లు పెట్టినాక కూడా రాలుతోందంటే ఇది తెగులే' అనుకుని మందు అంగటికి పరిగెత్తేది ఇక్కడే.

పూత కోసం మనమే నీళ్లు ఆపి ఎండబెడతాం కదా, అప్పుడేం కాలేదే అని అడుగుతావు. అప్పుడు చెట్టు మీద పిందె లేదు. ఎండబెట్టి తడపడం కూడా ఒక కబురే, పూతకు పిలుపు. అదే కబురును గోలీకాయంత పిందెలు మోస్తున్న చెట్టుకు పొరపాటున పంపావు. నీ తప్పు కాదు, మోటరు తప్పు.

నువ్వు కొట్టిన మొదటి మందు మోతాదు సరైనదే. 4.5 శాతం మందులో ఒక ఎం.ఎల్.కు సుమారు 45 మిల్లీగ్రాముల అసలు సరుకు ఉంటుంది. మూడున్నర ఎం.ఎల్. పదహారు లీటర్లలో కలిపితే లీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాములు. పిందె నిలవడానికి చెప్పేది ఇంతే. కానీ అప్పటికే పొర కరిగిపోయిన పిందెలను ఏ మందూ తిరిగి అతికించలేదు. అవి ఇంకో నాలుగైదు రోజులు రాలుతూనే ఉంటాయి. నువ్వు చూసింది ఆ రోజులనే.

రెండోసారి మాటేమిటి? ఒక సిరంజి తీసుకుని ఆ మూతలోకి నీళ్లు పోసి కొలువు. 20 ఎం.ఎల్. పట్టిందనుకుందాం. రెండు మూతలంటే 40 ఎం.ఎల్., అంటే 1,800 మిల్లీగ్రాములు. పదహారు లీటర్లకు పంచితే లీటరుకు 112. పది చాలిన చోట నూట పన్నెండు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆక్సిన్ ఇంత ఎక్కువైతే చెట్టు తన సొంత ఇథిలీన్‌ను తయారుచేయడం మొదలుపెడుతుంది. పట్టుకో అని చెప్పబోయి వదిలేయమని చెప్పినట్టయింది. కమలా తోటల్లో కాయ మరీ కిక్కిరిసినప్పుడు పలచన చేయడానికి కొన్ని దేశాల్లో ఇదే ఎన్.ఏ.ఏ.ను ఎక్కువ మోతాదులో కొడతారంటే నీకు ఆశ్చర్యం కలగొచ్చు. ఒకే సీసా, చుక్కల్లో పోస్తే కాయను నిలుపుతుంది, మూతల్లో పోస్తే రాలుస్తుంది. ఇంకా పోతే ఏమవుతుందో చూడాలంటే గట్ల మీద కలుపుకు కొట్టే 2,4-డి చూడు. అదీ ఆక్సిన్ లాంటిదే, కలుపును చంపేది ఆ గుణంతోనే. అది కొట్టిన ట్యాంకును నాలుగు నీళ్లతో తొలిచి పత్తికి మందు కొట్టినవాళ్ల చేలల్లో పత్తి ఆకు బెండాకులా చీలికలైపోవడం మన దగ్గర ఏటా కనిపిస్తూనే ఉంటుంది. నువ్వు ఎవరి ట్యాంకైనా అరువు తెచ్చుకుని ఉంటే ఆ మాట కూడా అడిగి తెలుసుకో. కలుపుమందుకు వేరే ట్యాంకు పెట్టుకోవడం తప్ప నాకు నమ్మకమైన దారి కనిపించలేదు.

ముడుచుకున్న ఆకులు తిరిగి విప్పుకోవు. కొత్త చిగురు మామూలుగా వస్తే దాని గురించి మర్చిపో.

అమ్మకు చెప్పు, ఆక్సిన్‌కూ ఆడపిల్లల ఎదుగుదలకూ సంబంధం లేదు. హార్మోన్ అనే మాట వినగానే ఆమెకు ఆ భయం రావడం సహజమే, ఊళ్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మన ఒంట్లో హార్మోన్ తగిలే చోటు వేరు, మొక్కలో తగిలే చోటు వేరు. మనం తినే ప్రతి చిగురులో, మొలకెత్తిన ప్రతి పెసరగింజలో మొక్క హార్మోన్లు ఉండనే ఉంటాయి. అయితే అమ్మ భయంలో సగం నిజం ఉంది. సీసాలో ఉన్నది రసాయనమే. కొట్టేటప్పుడు ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. కొట్టినాక ఇన్ని రోజులు ఆగాలని సీసా మీద రాసిన గడువు దాటకుండా ఏ కాయా కోయకూడదు. నీ కాయలు కోతకు రావడానికి ఇంకా నెలలున్నాయి కాబట్టి దాని గురించి బెంగ అవసరం లేదు. మాగబెట్టడానికి కార్బైడ్ పొట్లాలు వాడే చోట మాత్రం అమ్మ మాటే వినండి. అది మన దేశంలో నిషేధం. దాంట్లోంచి వచ్చే గాలి ఇథిలీన్ చేసే పనినే చేస్తుంది, కానీ ఆర్సెనిక్ లాంటి విషాలు వెంట తెస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది నీళ్ల పని. పాదులో నీళ్లు నిలబెట్టడం ఆపు. మొదలుకు తగలకుండా, కొమ్మల చివర నీడ పడే చోట వలయంగా, కొంచెం కొంచెంగా తరచుగా ఇవ్వు. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే బంక తెగులు వేరే వస్తుంది. డ్రిప్పు ఉంటే రోజూ ఒకే టైముకు తిప్పు. ఒకరోజు ఎక్కువ, మూడురోజులు సున్నా అనే పద్ధతి వద్దు. చెట్టు కింద వేరుశనగ పొట్టు నాలుగు వేళ్ల మందాన పరుచు. మీ వైపు మిల్లుల దగ్గర దొరుకుతుంది, తేమ నిలపడంలో ఇది చేసే పని ఏ సీసా చేయదు. మళ్లీ మోటరు ఎప్పుడైనా కాలితే, బాగైన రోజున ముందు పావువంతు నీళ్లే ఇవ్వు, రెండు రోజులాగి ఇంకొంచెం, ఆ తర్వాత మామూలుగా. నిల్వ ఉన్న ఆ ఏ.సి.సి. ఒక్కసారిగా ఎగబాకకుండా నెమ్మదిగా పోనివ్వు. యూరియా ఇప్పుడు వేయొద్దు. కొత్త చిగురు వస్తే పిందెతో తిండికి పోటీ పడుతుంది.

వచ్చే ఏడు హార్మోన్ కొట్టాలనుకుంటే, నీళ్లు సరిగా అందుతున్న చెట్టుకు, పిందె రాలడం మొదలవకముందే, సాయంత్రం పూట, సిరంజితో కొలిచి కొట్టు. బెట్టలో ఉన్న చెట్టుకు కొట్టొద్దు.

రాలిన పిందెల్లో పది ఏరి కోసి చూడు. లోపల పురుగు, కాడ దగ్గర నల్ల మచ్చ ఏమైనా కనిపిస్తే నేను చెప్పింది పూర్తి కథ కాదు. ఆ పిందెలు, నాలుగు ఆకులు ఒక సంచిలో వేసుకుని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పో. ఏమీ లేకపోతే రెండు చెట్ల కింద గోనెపట్టా పరిచి, రోజూ పొద్దున రాలినవి లెక్కపెట్టి ఒక కాయితం మీద రాసిపెట్టు. పక్కన ఆ రోజు ఎన్ని గంటలు నీళ్లు పారాయో కూడా రాయి. మీ నాయనకు ఆ లెక్క నీకంటే బాగా గుర్తుంటుంది, ఆయన్నే రాయమను. పది రోజుల కాయితం నాకు పంపు, చూస్తా.